చక్కెర వ్యాధి: చూపు బాగున్నంత మాత్రాన కన్ను బాగున్నట్లేనా?

చక్కెర వ్యాధి ఉన్నవారిని "ఏడాదికొకసారి కళ్ళు చూపించుకుంటున్నారా?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "కళ్ళు బాగానే కనిపిస్తున్నాయండీ. పేపరు చదువుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఇంకెందుకు చూపించుకోవడం?" వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. బాధ లేనిదే డాక్టరు దగ్గరకు పోవడం మనకు అలవాటు లేదు. కాని చక్కెర వ్యాధి కంటిని పాడుచేసే తీరు వేరు. అది ఏళ్ళ తరబడి లోలోపల తన పని తాను చేసుకుపోతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు, చూపు కూడా తగ్గదు. చూపు తగ్గిందని మనిషి తెలుసుకునేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. చూపు బాగుండడం వేరు, కంటి లోపలి పొర బాగుండడం వేరు. ఈ వారం మీకు చెప్పదలచుకున్న సంగతి ఇదే.

ఇది ఏ నలుగురికో సంబంధించిన విషయం కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం 2021 నాటికి మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. అంటే ప్రతి వీధిలోనూ, ఇంచుమించు ప్రతి బంధువర్గంలోనూ ఉన్నారన్నమాట. వ్యాధి వచ్చి 20 ఏళ్ళు దాటినవారిలో సగానికి మించి కంటిపొరలో ఎంతో కొంత మార్పు కనిపిస్తుంది. వీరందరికీ చూపు పోతుందని కాదు. సకాలంలో కనిపెడితే ఎక్కువమందికి చూపు కాపాడవచ్చు. కనిపెట్టడంలోనే ఉంది కిటుకంతా.

కంటిపొర అంటే ఏమిటి?

కనుగుడ్డు లోపల, వెనుక గోడకు అంటుకుని ఒక పలుచని పొర ఉంటుంది. దీన్నే రెటీనా అంటారు. దీని మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. బయటనుంచి వచ్చే వెలుతురు ఈ పొరమీద పడుతుంది. పొరలోని కణాలు ఆ వెలుతురును నరాల ద్వారా మెదడుకు అందజేస్తాయి. పొర మధ్యలో మాక్యులా అనే చిన్న భాగం ఉంది. అక్షరాలు చదవడం, ముఖాలు గుర్తుపట్టడం, బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పనులన్నీ దాని చలవే.

పొర చిన్నదే గాని ఆకలి మాత్రం పెద్దది. ఎత్తుకు ఎత్తు లెక్కవేస్తే శరీరంలో అతి ఎక్కువగా ప్రాణవాయువు ఖర్చుచేసే భాగాలలో రెటీనా ఒకటి. ఆ ప్రాణవాయువును వెంట్రుకకన్న సన్నని రక్తనాళాలు, అంటే కేశనాళికలు, మోసుకొస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పెద్ద కాలువలో ఎంత నీరున్నా చేలోకి నీరు వచ్చేది పంట బోదె ద్వారానే. బోదె పూడిపోతే శివారు చేను ఎండిపోతుంది.

చక్కెర ఎక్కువైతే ఏం జరుగుతుంది?

మన కండరాల కణాలు ఇన్సులిన్ ఉంటేనే రక్తంలోని గ్లూకోజును బాగా లోపలికి తీసుకుంటాయి. కంటిపొరలోని రక్తనాళాల కణాలు అలా కాదు. వాటికి ఇన్సులిన్‌తో పని లేదు. రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగితే అంతకు తగ్గట్టు వాటి లోపలా పెరిగిపోతుంది. తలుపు వేసుకునే అవకాశమే వాటికి లేదు. ఇలా లోపల చేరిన అధిక గ్లూకోజు కణాలలోని మాంసకృత్తులకు అంటుకుని వాటిని చెడగొడుతుంది. కణాలకు హాని చేసే పదార్థాలు పుట్టిస్తుంది.

కేశనాళిక గోడలో ముఖ్యంగా రెండు రకాల కణాలున్నాయి. ఒక రకం లోపలివైపు పరిచినట్లుంటాయి. రెండో రకం వాటిని బయటనుంచి కావలించుకుని గోడకు దన్నుగా ఉంటాయి. వీటి పేరు పెరిసైట్లు. చక్కెర అదుపులో లేనివారిలో ముందుగా దెబ్బతినే కణాలలో పెరిసైట్లు ఉన్నాయి. దన్ను పోయిన గోడ అక్కడక్కడ చిన్న బుడగలా ఉబ్బుతుంది. డాక్టరు కంటిలోకి చూసినప్పుడు మొదట కనిపించే ఎర్రని చుక్కలు చాలావరకు ఇవే. కొన్నిచోట్ల గోడ వదులై నీరూ కొవ్వూ బయటకు ఊరతాయి. ఇలా ఊరిన నీరు మాక్యులాలో చేరితే అది వాచి, చూపు మసకబారుతుంది. మరికొన్నిచోట్ల కేశనాళిక పూర్తిగా మూసుకుపోతుంది.

ఇక్కడివరకు జరిగినా, మాక్యులాకు నీరు పట్టనంతవరకు, రోగికి ఏ తేడా తెలియకపోవచ్చు. రెటీనాకు నొప్పి తెలియదు మరి.

ఎండిన పొర పెట్టే కేక

కేశనాళికలు మూసుకుపోయిన భాగానికి ప్రాణవాయువు అందదు. ఆ భాగం ఊరుకోదు. "నాకు రక్తం కావాలి, కొత్త దారులు వెయ్యండి" అని కేక పెడుతుంది. ఆ కేక ఒక రసాయన పదార్థం రూపంలో ఉంటుంది. ఇలాంటి పదార్థమేదో ఉండి తీరాలని ఐజాక్ మైకేల్సన్ అనే కంటి వైద్యుడు 1948లోనే ఊహించాడు. అదేమిటో తెలియక చాలాకాలం దాన్ని 'ఎక్స్ కారకం' అని పిలిచారు. 1989లో నెపోలియోన్ ఫెరారా అనే శాస్త్రజ్ఞుడు, తన సహచరునితో కలిసి, రక్తనాళాలను పెంచే ఒక మాంసకృత్తును వేరుచేసి దానికి వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టాడు. పొట్టిగా వి.ఇ.జి.ఎఫ్. అంటారు. చక్కెర వ్యాధివల్ల కొత్త రక్తనాళాలు మొలిచినవారి కంటి ద్రవంలో ఇది చాలా ఎక్కువగా ఉందనీ, చికిత్స ఫలించాక తగ్గిపోయిందనీ 1994లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపారు. వెతుకుతున్న 'ఎక్స్' చాలావరకు ఇదేనని అప్పుడు తేలింది.

వి.ఇ.జి.ఎఫ్. చెడ్డ పదార్థమేమీ కాదు. కడుపులోని బిడ్డకు రక్తనాళాలు ఏర్పడడానికి, గాయాలు మానడానికి అది కావాలి. చిక్కల్లా ఏమిటంటే, కంటిలో అది పిలిస్తే వచ్చే కొత్త రక్తనాళాలు రావలసిన చోటికి రావు. ఎండిన పొరలోకి పోయి దాన్ని తడపవు. పొర మీదికి పాకి, కనుగుడ్డు నడుమనున్న జెల్లీలాంటి పదార్థం వైపు పెరుగుతాయి. పైగా వీటి గోడలు బలహీనం. బోదె బాగుచెయ్యకుండా కాలువ గట్టుకు గండి కొట్టినట్లన్నమాట! చేను తడవదు సరికదా, నీరు అక్కరలేని చోటికి పారుతుంది.

ఒకరోజు, తరచు ఏ కారణమూ లేకుండానే, ఆ రక్తనాళం చిట్లుతుంది. కంటి ముందు నల్లటి దారాలు, సాలెగూడు, మసి రేణువులు తేలినట్లు కనిపిస్తాయి. రక్తం ఎక్కువగా కారితే తెర దించినట్లు చూపు మూసుకుపోతుంది. కొత్త రక్తనాళాల వెంట పీచులాంటి కణజాలం కూడా పెరుగుతుంది. అది ముడుచుకుపోతూ రెటీనాను గోడనుంచి ఊడలాగవచ్చు. నల్లగుడ్డు మీద కూడా ఈ రక్తనాళాలు పాకితే కంటిలో నీరు బయటకు పోయే దారి మూసుకుపోయి, విపరీతమైన నొప్పితో ఒకరకం నీటికాసుల జబ్బు వస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇదే రోగికి కాలిమీద పుండు పడితే అక్కడ కొత్త రక్తనాళాలు సరిగా పుట్టవు. అందుకే పుండు నెలల తరబడి మానదు. కావలసిన కాలిలో రావు, అక్కరలేని కంటిలో వస్తాయి. ఒకే చక్కెర శరీరంలో రెండుచోట్ల రెండు రకాలుగా పని చెడగొడుతుంది.

ఎప్పుడు, ఎలా పరీక్ష చేయించుకోవాలి?

పెద్దవయసులో వచ్చే చక్కెర వ్యాధి, అంటే రెండో రకం, బయటపడేసరికే కొన్నేళ్ళుగా లోపల ఉండి ఉండవచ్చు. కనుక వ్యాధి ఉందని తెలిసిన వెంటనే కంటిపొర పరీక్ష జరగాలి. చిన్నతనంలో వచ్చి మొదటినుంచీ ఇన్సులిన్ మీద ఉండే మొదటి రకం వారికి వ్యాధి మొదలైన అయిదేళ్ళలోపు మొదటి పరీక్ష జరగాలి. తరువాత సాధారణంగా ఏడాదికొకసారి. పొరలో మార్పులుంటే డాక్టరు ఇంకా ముందే రమ్మంటారు. ముందునుంచీ చక్కెర వ్యాధి ఉన్న స్త్రీ గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి. గర్భం సమయంలో ఈ జబ్బు త్వరగా ముదరవచ్చు.

పరీక్ష అంటే గోడమీది అక్షరాలు చదవడం కాదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు మార్చి మార్చి చూపించడం కూడా కాదు. కంటిపాప పెద్దదయ్యేందుకు చుక్కలు వేసి, దీపంతో లోపలి పొరను అంచులదాకా చూడాలి, లేదా ప్రత్యేక కెమేరాతో పొరను ఫోటో తీయాలి. ఈ పరీక్ష పెద్ద కంటి ఆసుపత్రులలో ఉంటుంది. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వ ఆసుపత్రులే. "కంటిపొర చూపించుకోవాలి, చక్కెర వ్యాధి ఉంది" అని మీరే నోరు తెరిచి చెప్పండి.

చికిత్స ఏముంది?

మొదటిది లేజర్. దీని వెనుక ఒక కథ ఉంది. 1945లో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసినవారి కంటిపొర కాలి మచ్చపడడాన్ని గమనించిన జర్మనీ వైద్యుడు మేయర్ ష్వికరాత్‌కు, వెలుతురుతో కాల్చి వైద్యం కూడా చెయ్యవచ్చు కదా అనే ఆలోచన వచ్చింది. లేజర్‌కు అదే నాంది. కొత్త రక్తనాళాలు మొలిచినవారికి మాక్యులాను వదిలి, పొర అంచులలో వందలకొద్దీ చిన్న చిన్న మచ్చలు పడేలా లేజర్ కొడతారు. నీరు చాలనప్పుడు ఆయకట్టు తగ్గించుకున్నట్లు, ప్రాణవాయువు ఖర్చుచేసే భాగాన్ని కొంత తగ్గించి, అతిముఖ్యమైన మధ్యభాగాన్ని నిలబెట్టడమే ఇందులోని సూత్రం. కేక తగ్గుతుంది, కొత్త రక్తనాళాలు ముడుచుకుపోతాయి. తీవ్రంగా చూపు పోయే ప్రమాదం దీనివల్ల సగానికి పైగా తగ్గుతుందని 1976లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం రుజువు చేసింది. చీకట్లో చూపు, పక్కచూపు కొంత తగ్గవచ్చు. లేజర్ ఉన్న చూపును నిలబెట్టడానికే గాని పోయిన చూపును తేవడానికి కాదని గుర్తుంచుకోండి.

రెండోది ఇంజెక్షన్లు. వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే మందును, చుక్కలతో కన్ను మొద్దుబార్చి, తెల్లగుడ్డు ద్వారా లోపలికి ఇస్తారు. "కంటిలో సూదా!" అని హడలిపోనక్కరలేదు. నిమిషాలలో అయిపోతుంది. మాక్యులా వాపుకు ఇవి బాగా పనిచేస్తాయి, చాలామందికి చూపు మెరుగవుతుంది కూడా. కాని ఒక్కదానితో సరిపోదు. మొదట్లో నెలనెలా తీసుకోవలసి రావచ్చు. మధ్యలో మానేసి ఇంటి దగ్గర కూర్చుంటే కొత్త రక్తనాళాలు తిరిగి విజృంభిస్తాయి. దూరాభారంవల్ల గాని, ఖర్చువల్ల గాని పదేపదే రాలేని పరిస్థితి ఉంటే మొహమాటపడకుండా డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటివారికి లేజరే మేలని ఆయన నిర్ణయించవచ్చు.

మూడోది ఆపరేషన్. కంటిలో రక్తం కారి ఇంకిపోకపోయినా, రెటీనా ఊడుతున్నా, లోపలి జెల్లీని, పీచును తొలగించే విట్రెక్టమీ చేస్తారు. రాబర్ట్ మేకమర్ అనే వైద్యుడు 1970లో అమెరికాలో దీనికి దారి చూపాడు. ఇక్కడిదాకా రాకుండా చూసుకోవడమే తెలివైన పని.

మీ చేతిలో ఉన్నది

అమెరికా, కెనడాలలో మొదటి రకం చక్కెర వ్యాధి ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్ళు గమనించిన అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవారిలో, అంతకు ముందు కంటిజబ్బు లేనివారికి అది కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. రెండో రకం వారిమీద బ్రిటన్‌లో జరిగి 1998లో వెలువడిన అధ్యయనంలో కన్ను, మూత్రపిండాల్లాంటి చోట్ల చిన్న రక్తనాళాలకు కలిగే హాని 25 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో రక్తపోటును అదుపుచేసినవారికి కూడా కళ్ళు మేలుగా ఉన్నాయి.

కనుక మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించుకుంటూ ఉండండి. చాలామందికి అది 7 శాతానికి అటూ ఇటూ ఉండేలా చూస్తారు. వయసునుబట్టి, ఇతర జబ్బులనుబట్టి మీకు ఎంత ఉండాలో మీ డాక్టరు చెబుతారు. రక్తపోటు, కొలెస్టరాల్ చూసుకోండి. చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా సరే మానెయ్యండి. మూత్రపిండాల జబ్బు, రక్తహీనత ఉంటే వైద్యం చేయించుకోండి. ఇవి కూడా కంటిజబ్బును ముదరబెడతాయి.

కొన్ని సందేహాలు

ప్రశ్న: ఇన్సులిన్ మొదలుపెట్టాకే కళ్ళు పోయాయని మా బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కళ్ళను పాడుచేసేది ఇన్సులిన్ కాదు, అంతకు ముందు ఏళ్ళ తరబడి అదుపు తప్పిన చక్కెర. మన ఇళ్ళలో ఇన్సులిన్‌ను ఆఖరి అస్త్రంగా భావించి వాయిదా వేస్తూ వస్తారు. మొదలుపెట్టేనాటికే పొర దెబ్బతిని ఉంటుంది. అయితే ఇందులో ఒక నిజం లేకపోలేదు. పొరలో అప్పటికే జబ్బున్నవారికి, చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెర ఒక్కసారిగా బాగా తగ్గితే, కొద్ది నెలలపాటు జబ్బు కొంచెం ముదరవచ్చు. దీర్ఘకాలంలో మాత్రం మేలే జరుగుతుంది. అందుకే వైద్యం మార్చేముందు కళ్ళు చూపించుకోవాలి గాని ఇన్సులిన్ మానుకోకూడదు.

ప్రశ్న: నాకు ఏడాదిలో రెండుసార్లు కళ్ళజోడు పవరు మారింది. ఇది రెటీనా జబ్బేనా?

జవాబు: కాకపోవచ్చు. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కంటి కటకం ఆకారం తాత్కాలికంగా మారి పవరు మారుతుంది. చక్కెర నిలకడగా ఉన్నప్పుడు అద్దాలు రాయించుకుంటే డబ్బు వృథా కాదు. పనిలో పనిగా కంటిపొర కూడా చూపించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇక కంటికి భయం లేదు కదా?

జవాబు: శుక్లం కంటి ముందుభాగంలోని కటకానికి వచ్చేది. రెటీనా వెనుక ఉంది. కిటికీ అద్దం మార్చినంత మాత్రాన వెనుక గోడ బాగుపడదు. ఆమెకు చక్కెర వ్యాధి ఉంటే ఏటేటా పరీక్ష తప్పదు.

ప్రశ్న: కారెట్, పొన్నగంటి కూర రోజూ తింటే ఈ జబ్బు రాకుండా ఉంటుందా?

జవాబు: ఆకుకూరలు మంచివే, తినండి. విటమిన్ ఎ లోపంవల్ల వచ్చే రేచీకటికి అవి ఉపకరిస్తాయి. కాని మూసుకుపోయిన కేశనాళికను ఏ కూరా తెరవలేదు. ఇక కంటిలో తేనె, ఆముదం, చనుబాలు పోయడం దండగే కాదు, ప్రమాదం కూడా.

ప్రశ్న: చుక్కలు వేస్తే చూపు మసకబారుతుందని భయం. ఎన్నాళ్ళుంటుంది?

జవాబు: నాళ్ళు కాదు, కొన్ని గంటలే. ఆ రోజు స్కూటరు నడపకండి. ఒకరిని తోడు తీసుకుపోండి. ఎండలో చలువ కళ్ళజోడో, గొడుగో ఉంటే చాలు. నీటికాసుల జబ్బు ఉంటే చుక్కలు వేసేముందే చెప్పండి.

ప్రశ్న: ఉన్నట్టుండి కంటి ముందు నల్లదారాలు కనిపిస్తే ఏం చెయ్యాలి?

జవాబు: తెల్లవారితే తగ్గుతుందిలే అని ఊరుకోకండి. కంటిని నలపవద్దు, బరువులెత్తవద్దు, శీర్షాసనం లాంటివి వెయ్యవద్దు. పడుకుంటే తలకింద దిండ్లు ఎత్తుగా పెట్టుకోండి. షుగరు మందులు, రక్తపోటు మందులు, గుండె మందులు ఏవీ మీ అంతట మీరు ఆపకండి. వాటి చీటీలన్నీ తీసుకుని అదే రోజు, వీలుకాకపోతే మర్నాడు పొద్దున్నే, రెటీనా చూడగల కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. రెండో కన్ను బాగానే కనిపిస్తున్నా, దాన్ని కూడా చుక్కలు వేసి చూడమని అడగండి.